కత్తి కట్టినవాడి మీదే కేసు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి పండగ వెళ్లి రెండు వారాలైంది. కనుమ మర్నాడే ఈ ఉత్తరం రాయబోయాను గానీ ఆ రోజు రాసిందంతా కోపమే, చించేశాను. ఇప్పుడు కాస్త నెమ్మదించి రాస్తున్నాను. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరం దగ్గర ఒక పల్లెటూరి ప్రభుత్వ బడిలో టీచర్ని. పుట్టి పెరిగింది కూడా ఈ చుట్టుపక్కలే. మా నాన్న ఒక పెద్ద ఆసామి దగ్గర ఇరవై ఏళ్లు పాలేరుగా చేశారు, అందులో చివరి పదేళ్లు ఆయన పని పొలంలో కాదు, పందెం కోళ్ల దగ్గర. అందుకని నేను చెప్పబోయేది ఎక్కడో చదివినది కాదు.

భోగి మర్నాడు మీ పత్రికలో రెండు కోళ్లు గాల్లోకి లేచి ఢీకొంటున్న పెద్ద ఫొటో వేశారు. దాని కింద పౌరుషమనీ సంప్రదాయమనీ నాలుగు మాటలు, లోపల పేజీలో ఏ ఊళ్లో ఎన్ని కోట్లు చేతులు మారాయో లెక్కలు, ఎవరెవరు నాయకులు వచ్చి రిబ్బన్ కత్తిరించారో వాళ్ల పేర్లు, హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ ఎంతమంది దిగారో, భీమవరంలో లాడ్జి గదులు ఎలా దొరకలేదో, అన్నీ రాశారు. ఆ పేజీ అంతా రెండుసార్లు చదివాను. కోడిని పట్టుకున్న మనిషి గురించి ఒక్క ముక్క లేదు. ఫొటోలో కూడా ఆయన చేతులు సగానికి తెగిపోయాయి.

ఆ చేతుల గురించే నా ఉత్తరం.

పందెం కోడిని పెంచడం అంటే ఏమిటో చూడనివాళ్లకి చెప్పినా నమ్మరు. నాన్న తెల్లారగట్ల నాలుగింటికి లేచేవారు. కోళ్లని చెరువులో ఈత కొట్టించి, తుడిచి, వేడినీళ్లలో గుడ్డ ముంచి రెక్కల కింద, తొడల మీద కాపడం పెట్టేవారు. తర్వాత మేత. బాదం, జీడిపప్పు, ఉడకబెట్టిన గుడ్డులో తెల్లసొన, మటన్ కైమా. బాదం గింజలు ఆసామి ఇంట్లోంచి లెక్కపెట్టి ఇచ్చేవారు, కోడికి ఇన్ని అని. ఒక రోజు మా తమ్ముడు, వాడికి అప్పుడు ఐదేళ్లుంటాయేమో, గిన్నెలోంచి రెండు గింజలు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. మమ్మల్ని ఏనాడూ చెయ్యెత్తి కొట్టని మనిషి ఆ రోజు వాణ్ణి కొట్టారు. కొట్టి, అరుగు మీద కూర్చుని చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ గింజలు తక్కువైతే అడిగేది ఆయన్నే కదా. ఆసామి చెడ్డవాడని నేను అనడం లేదు, మా అక్క పెళ్లికి బియ్యం పంపించాడు. కానీ ఆయన కోడి తిన్నది ఆయన పాలేరు పిల్లలు తినలేకపోయారు. అది ఆ ఇంట్లోగానీ మా ఇంట్లోగానీ ఎవరికీ వింతగా అనిపించలేదు, అదే నన్ను ఇప్పటికీ పీకేది.

పద్నాలుగు నెలలు పెంచిన డేగ, అంటే ఎర్ర ఈకల పుంజు, ఒకటి ఉండేది. నాన్న అడుగుల చప్పుడుకే మెడ ఎత్తి చూసేది. దాన్ని భోగి రోజు మధ్యాహ్నం బరిలోకి దింపారు. ఎడమ కాలికి గుడ్డ పీలిక చుట్టి, దాని మీద మూడంగుళాల కత్తి పెట్టి, దారం బిగించి బిగించి కట్టారు. అవతల ఒక కాకి, అంటే నల్ల పుంజు. ముక్కులు దగ్గర పెట్టి రెచ్చగొట్టి వదిలారు. నేను అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టి నలభై దాకా రాకముందే అయిపోయింది. డేగ కడుపు చీలిపోయింది. నాన్న దాన్ని ఎత్తుకుని, నోట్లో నీళ్లు పోసుకుని దాని మొహం మీద ఊది, ఇంకా నిలబెట్టడానికి చూశారు, ఎందుకంటే నిలబడితే ఆట ఇంకా మిగిలి ఉన్నట్టు. చుట్టూ జనం కేకలు. ఆసామి జేబులోంచి డబ్బు తీసి ఇచ్చేసి తర్వాతి కోడి ఏది అన్నాడు. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు, అంతే. మర్నాడు పొద్దున్నే మళ్లీ పనిలోకి వెళ్లారు.

ఆ తర్వాత రెండేళ్లకి కత్తి నాన్న చేతికి తగిలింది. కోడిని వదిలేటప్పుడు అది గింజుకుంటే అరచెయ్యి దగ్గర నరం తెగింది. ఆసామి రెండు వేలు ఇచ్చి, నయమయ్యాక రమ్మన్నాడు. వెళ్లేసరికి కోళ్ల దగ్గర ఇంకొకతను ఉన్నాడు. నాన్న పోయే రోజుదాకా ఆయన కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకోలేదు, ముద్ద కలుపుకోవడం కూడా కష్టంగానే ఉండేది.

ఇది ఎప్పటి సంగతో అనుకోకండి. 2023 సంక్రాంతికి నల్లజర్ల మండలంలో ఒకరు, కిర్లంపూడి మండలంలో ఒకరు కోడి కాలి కత్తి తగిలి ప్రాణాలే పోగొట్టుకున్నారు. 2021 ఫిబ్రవరిలో తెలంగాణలో, జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లొత్తునూరులో, తను పట్టుకున్న కోడి కత్తే తగిలి ఒకతను చచ్చిపోయాడు. ఆ కోడిని పోలీస్ స్టేషన్‌లో పెట్టి మేత వేశారని దేశమంతా వార్త అయింది, విదేశాల్లో కూడా వేశారు, అందరూ నవ్వుకున్నారు. హంతకుడు కోడి అని. చచ్చిపోయినతని ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగిందా అని అడిగినవాళ్లని నేను చూడలేదు.

ఇప్పటి బరులు మా నాన్న కాలంనాటివి కావు, ఇంకా పెద్దవైపోయాయి. పొలాల మధ్య ఎకరాలకి ఎకరాలు చదును చేసి, ఇనప గొట్టాలతో గ్యాలరీలు కట్టి, ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, నల్ల చొక్కాల బౌన్సర్లు. బరికి ఆనుకుని సోఫాలు వేస్తారు, వాటిలో కూర్చోవాలంటే చేతికి పట్టీ ఉండాలి. తాడు అవతల మిగతా జనం, ట్రాక్టర్ తొట్టెల మీదా కొబ్బరిచెట్ల మొదళ్ల మీదా ఎక్కి చూస్తారు. బరిలో పందెం కాయడానికి వాళ్ల దగ్గరున్న డబ్బు చాలదు. అందుకని వాళ్లకోసం చుట్టూ గుండాట అనే పాచికల జూదం బల్లలు, లోన బయట, మూడు ముక్కలాట అనే పేకాటలు, ఆ పక్కనే మందు. అంటే కోడిపందెం సోఫాల్లోవాళ్లకి, గుండాట తాడు అవతలివాళ్లకి. డబ్బున్నవాడు ఓడిపోతే ఆ రాత్రి కథగా చెప్పుకుంటాడు, ఈ ఏడాది పది లక్షలు పోయాయిరా అని. తాడు అవతలివాడు ఓడిపోతే ఇంటికి పోవడానికి భయపడతాడు.

ఒక్క పందెమే కోటి రూపాయలు దాటిందని ఈమధ్య పత్రికలే రాశాయి. 2025-26కి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. కోటిని దానితో భాగించమని మా ఏడో తరగతి పిల్లలకి లెక్క ఇచ్చాను. ముప్పై రెండు వేల ఐదువందల పైచిలుకు రోజులు వచ్చింది. ఏడాదికి వంద రోజులు పని దొరికినా మూడువందల ఏళ్లు దాటుతుంది. ఒక పిల్ల లేచి, మేడమ్ లెక్క తప్పొచ్చిందేమో అని మళ్లీ చేసింది.

అసలు ఈ మూడు రోజులు ఏ మూడు రోజులో కూడా చూడండి. సార్వా, అంటే తొలి పంట, కోతలు అయిపోయి ధాన్యం డబ్బు చేతికొచ్చే సమయం. అదే సమయంలో దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారుమళ్లు, దమ్ము, ఎరువులు, కౌలు, అన్నిటికీ ఆ డబ్బే కావాలి. మా ఊళ్లో సొంత పొలం చేసుకునేవాళ్లకంటే కౌలుకి చేసేవాళ్లే ఎక్కువ. కౌలు రైతుకి సార్వాలో మిగిలేదే కొంచెం, ఆ కొంచెం దాళ్వా పెట్టుబడి. అది గుండాట బల్ల మీద పోతే ఇక వడ్డీ వ్యాపారి దగ్గరికే. లేకపోతే భార్య పేరున డ్వాక్రా అప్పు. పండగ అయ్యాక మా బడికి వచ్చే తల్లుల మొహాలు చూస్తే ఎవరింట్లో ఏం జరిగిందో నాకు తెలిసిపోతుంది. ఈసారి ఒకావిడ కూతురి టీసీ అడగడానికి వచ్చింది. పిల్లని ఏలూరులో వాళ్ల అమ్మమ్మ దగ్గర పెడతారట. ఎందుకమ్మా, పదో తరగతి మధ్యలో అంటే తల దించుకుని, ఇంట్లో గొడవలండీ అంది. ఆవిడ చెవుల్లో సంక్రాంతికి ముందు కమ్మలున్నాయి.

ఇలా మాట్లాడితే నాకు చెప్పే సమాధానాలు కొన్ని ఉన్నాయి. స్టాఫ్ రూములోనే చెబుతారు. వాళ్ల డబ్బు వాళ్లిష్టం అంటారు. నిజమే, సోఫాలో కూర్చున్నవాడి డబ్బు అతని ఇష్టం. కానీ ఆ డబ్బు కోసం చచ్చేది అతను కాదు, నెత్తురు కారేది అతని చేతిలోంచి కాదు. తన డబ్బుతో తను కొండెక్కి దూకేవాడిని నేనేమీ అనను. ఇక్కడ డబ్బు ఒకడిది, ఒళ్లు ఇంకొకడిది, చావు ఇంకో మూగజీవిది. మరి ఇష్టం అనే మాట ఆ ముగ్గురిలో ఎవరికి వర్తిస్తుంది?

మీరు కోడికూర తినరా అని ఇంకొకరు. తింటాను. దాచను. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది కూడా. కోళ్లఫారాల్లో పరిస్థితి బాగుందని నేను చెప్పను, దాని గురించి వేరే ఉత్తరం రాయాలి. కానీ కూర కోసం కోసేటప్పుడు చుట్టూ నిలబడి ఈల వేసేవాడు లేడు, అది ఎంతసేపు కొట్టుకుంటుందో దానిమీద పందెం కాసేవాడు లేడు, చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని చూడు నాన్నా చూడు అని చూపించేవాడు లేడు. చావు చూడ్డమే సరదా అయినప్పుడు ఆ చూసేవాడి లోపల ఏదో మారుతుంది. అది నేను పిల్లల్లో చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

సంప్రదాయం అంటారు, పల్నాటి యుద్ధం అంటారు, కోడిపందేల గురించి చెప్పే కుక్కుట శాస్త్రం అంటారు. పల్నాటి కథ మా పిల్లలకి నేనే చెబుతాను. నాయకురాలు నాగమ్మ కోడి గెలిచింది, బ్రహ్మనాయుడి కోడి ఓడింది, ఓడినందుకు మాచర్లవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కారంపూడిలో సవతి అన్నదమ్ముల మధ్య యుద్ధం జరిగి ఎందరో చచ్చారు. ఆ కథలో కోడిపందెం గొప్పదని ఎక్కడుంది? కొంప ఎక్కడ కూలడం మొదలైందో చెప్పే చోట ఉంది. ఇక తమిళనాడు జల్లికట్టుకి చట్టం చేసుకుంటే 2023లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది కదా, మనం ఎందుకు చేసుకోకూడదు అనేవాళ్లు కొత్తగా బయల్దేరారు. జల్లికట్టులో కూడా మనుషులు పోతున్నారు, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ అక్కడ ఎద్దు చావడం ఆట కాదు. ఇక్కడ కత్తి కట్టేదే చావడానికి. కత్తి తీసేస్తే ఈ కోట్లు వస్తాయా, పందెం రాయుళ్లనే అడగండి.

నాలుగో మాట ఒకటుంది, దానికి మాత్రం నేను తడుముకుంటాను. ఈ మూడు రోజులు పేదవాళ్లకి పని దొరుకుతుంది కదా అంటారు. దొరుకుతుంది. షామియానాలవాళ్లు, పకోడీ బండ్లు, ఆటోలు, పార్కింగ్ చూసేవాళ్లు, గ్లాసులు కడిగేవాళ్లు. మా వీధిలో ఒకావిడ బరి దగ్గర బజ్జీల బండి పెట్టి మూడు రోజుల్లో మూడు నెలల సంపాదన చూస్తుంది. ఆవిడతో పందేలు ఆపేయాలని చెప్పే ధైర్యం నాకు లేదు. అయితే ఆవిడే నాతో అంది, డబ్బులు గల్లాపెట్టెలో ఉంచను టీచరుగారూ, జాకెట్లో పెట్టుకుంటాను, మా ఆయన పక్క టెంటులోనే ఉంటాడు కదా అని. ఒక టెంటులో వచ్చింది ఇంకో టెంటులోకి పోకుండా ఆవిడ చేసుకునే కాపలా అది.

ఇప్పుడు చట్టం సంగతి. జంతుహింస నివారణ చట్టం వచ్చింది 1960లో. వినోదం కోసం జంతువుల్ని పోట్లాటకి దింపడం, దానికి చోటు చూపించడం, నడపడం, అన్నీ పదకొండో సెక్షన్ ప్రకారం నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా ఎంతో తెలుసా, పది రూపాయలకి తక్కువ కాకుండా యాభై రూపాయల దాకా. మళ్లీ మూడేళ్లలోపు దొరికితేనే వంద రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960లో యాభై రూపాయలంటే ఎంతో ఎక్కువ, ఇవాళ బరి దగ్గర బండి పార్కింగుకి అంతకంటే ఎక్కువ తీసుకుంటున్నారు. 1974 నాటి జూద నిరోధక చట్టం వేరే ఉంది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కోడిపందేలు ఆపి తీరాలని గట్టిగా చెప్పింది కూడా. ఇన్ని ఉన్నాయి.

ఉండి ఏం జరుగుతుంది? జనవరి మొదటి వారంలో పోలీసులు వస్తారు, ట్రాక్టరు పెట్టి బరి దున్నేస్తారు, ఫొటోలు దిగుతారు, మైకులో ప్రచారం చేస్తారు. కత్తులు కట్టేవాళ్ల ఇళ్లకి వెళ్లి కత్తులు పట్టుకుంటారు, వాళ్లని తహసీల్దారు ముందుకి తీసుకెళ్లి బైండోవర్ చేస్తారు, అంటే మళ్లీ ఆ పని చెయ్యబోమని పూచీకత్తు రాయించుకుంటారు. వాళ్లెవరు? మా నాన్నలాంటివాళ్లు. తండ్రి దగ్గర దారం బిగించడం నేర్చుకున్నవాళ్లు, గెలిస్తే ఇంతని తీసుకునేవాళ్లు, మిగతా పదకొండు నెలలు రొయ్యల చెరువుల మీద కాపలా కాసేవాళ్లు. భోగి పొద్దున్నకి దున్నిన చోటే బరి మళ్లీ సిద్ధంగా ఉంటుంది, పోలీసులు కనపడరు, మూడో రోజు రాత్రికి మళ్లీ కనపడతారు. ఆ తర్వాత ఎవరి మీదైనా కేసు ఉంటే కత్తి కట్టినవాడి మీదే. కోటి కట్టినవాడి మీద కేసు పెట్టారని నా యాభై ఏళ్లలో నేను వినలేదు. పొలం ఇచ్చినవాడు, గ్యాలరీ వేయించినవాడు, రిబ్బన్ కత్తిరించినవాడు, సోఫాలో కూర్చున్నవాడు, వీళ్లందరి ఫొటోలూ మీ పత్రికలో ఉన్నాయి. పోలీసులు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు.

నా బాధంతా ఇక్కడే. కోడి చావడం ఒక్కటే హింస అనుకుంటే కొందరు పట్టించుకోకపోవచ్చు, కోడే కదా అంటారు. కానీ ఆ బరిలో దెబ్బ తగిలేవాళ్లందరూ ఒక వైపు, చూసేవాళ్లందరూ ఒక వైపు ఉంటారు, ఆ రెండు వైపులూ ఎప్పుడూ తారుమారు కావు. దెబ్బ తిన్న వైపే చట్టం కూడా వచ్చి పడుతుంది. జరిమానా యాభై నుంచి యాభై వేలకి పెంచితే సరిపోతుందా అంటే, ఆ యాభై వేలూ కత్తి కట్టేవాడి మీదే పడితే ఏం లాభం? ముందు పట్టుకునేది ఎవరినో మారాలి.

పండగ సెలవులయ్యాక బడి తెరిస్తే మా ఆరో తరగతి పిల్లాడు ఒకడు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. చేతికి గుడ్డ కట్టు. ఏమైందిరా అంటే గర్వంగా జేబులోంచి ఐదువందల నోటు తీసి చూపించాడు. బరి దగ్గర చచ్చిన కోళ్ల ఈకలు పీకే పని చేశాడట, మూడు రోజులు. ఒక కోడి కాలికి కత్తి ఇంకా విప్పలేదు, వాడు చూసుకోలేదు. కట్టు విప్పి చూశాను, బొటనవేలి కింద, సరిగ్గా మా నాన్నకి తెగిన చోటికి రవ్వంత పైన. నరం తెగలేదు, అదృష్టం. వేళ్లు ముడవమన్నాను, ముడిచాడు. ఐదూ ముడుచుకున్నాయి. నేను లోపలికి వెళ్లి కాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

తర్వాత పిలిచి, వచ్చే ఏడాది వెళ్లకురా అన్నాను. వాడు నా మొహం చూసి, వచ్చే ఏడాది ఈకలు కాదు మేడమ్, కత్తులు కట్టడం నేర్పిస్తానన్నారు, దానికి ఎక్కువిస్తారు అన్నాడు.

సంపాదకులుగారూ, ఎన్నో ఏళ్లుగా మీ పత్రిక మా ఇంటికి వస్తోంది, మా నాన్న కూడబలుక్కుని చదువుకున్నది కూడా దీంట్లోనే. అందుకే చొరవగా అడుగుతున్నాను. వచ్చే సంక్రాంతికి చేతులు మారిన కోట్ల లెక్కలు వెయ్యకండి. వేస్తే, ఆ బరి ఎవరి పొలంలో ఉందో, ఎవరు నడిపారో, ఎవరి మీద కేసు పెట్టారో, ఎవరిని వదిలేశారో కూడా పక్కనే వెయ్యండి. డిసెంబరులోనే మీ విలేకరిని ఒకరిని మా ఊరు పంపండి, కత్తులు కట్టేవాళ్ల ఇళ్లకి నేను తీసుకెళతాను, వాళ్లు మాట్లాడతారు, ఇంతవరకూ వాళ్లని ఎవరూ అడగలేదు కాబట్టి మాట్లాడలేదు. కోడి ఫొటో వెయ్యక తప్పదనుకుంటే, దాన్ని పట్టుకున్న చేతులు తెగిపోకుండా పూర్తిగా కనపడేట్టు వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా